పొయ్యి పక్క చోటు

కారు చప్పుడు కాదు. గాలి అనుకుందామంటే ఇవాళ ఆకు కూడా కదలడం లేదు. పక్కింటి మాలకీ ట్రాక్టరు అయ్యుంటుంది, అదిగో, ఊబినేల వైపు తిరిగిపోయింది. వాళ్ళింకా రాలేదు. అమ్మా నాన్నా పట్నం ఆసుపత్రిలో ఉన్నారు. అమ్మ రక్తంలో మూడు నెలల చక్కెర ఎంతుందో ఇవాళ చెబుతారు. పొద్దున బయల్దేరేటప్పుడు నాన్న కోటు బొత్తాలు పెట్టుకుంటూ, అమ్మ వంక చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పాడు. "ఈసారి కూడా పెరిగిందంటే నర్సు ముందే అడిగేస్తాను ఇమెల్డా. ఏం తింటున్నావో, ఎక్కడ దాచావో." అమ్మ చేతి తొడుగులు వేసుకుంటూ ఉండిపోయింది. వేలు వేలుకీ అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఇదివరకైతే "నేను తినలేదు ఫింటన్" అనేది. శరదృతువంతా అదే మాట అంది, గట్టిగా అంది, ఏడుస్తూ అంది. క్రిస్మస్ వెళ్ళాక "ఏమో, తిన్నానేమో" అనడం మొదలుపెట్టింది. నాకు భయం ఆ అంకె గురించి కాదు, ఈ "తిన్నానేమో" గురించి. తినని మనిషి తిన్నానని ఒప్పేసుకుంటే, ఇక ఈ ఇంట్లో అమ్మ మాటకు విలువెక్కడిది? ఒప్పుకున్నాక మళ్ళీ వెనక్కి తీసుకోవడం కుదరదు. ఈ ఊళ్ళో అయితే అసలు కుదరదు.

"పెళ్ల వెయ్యవే" అంటుంది నానమ్మ, జపమాల ఆపకుండానే. నిద్రపోతోందనుకున్నాను. నానమ్మ కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నట్టు కాదని ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు. బుట్టలోంచి నల్లమట్టి పెళ్ల ఒకటి తీస్తాను, కట్టెల బదులు మా పొయ్యిలో కాలేది ఇదే. వేసవిలో మేమే ఊబినేలలో కోసి, తిరగేసి, నిలబెట్టి ఎండబెట్టినది. చేతికి ఎండిన రొట్టెలా తేలిగ్గా ఉంటుంది. కణికల మీద నిలువుగా పెడతాను. ముందు ఏమీ కాదు. తర్వాత అంచున ఒక సన్నటి పొగ దారం లేస్తుంది, నీలంగా, ఎటు పోవాలో ఆలోచిస్తున్నట్టు నిలబడుతుంది. ఇవాళ బయట గాలి లేదు కాబట్టి పొగగొట్టం సరిగా లాగడం లేదు. ఆ దారం పైకి వెళ్ళబోయి, మనసు మార్చుకుని, పక్కకు వంగి అమ్మ కుర్చీ మీదుగా గదిలోకి వస్తుంది. కుర్చీ ఖాళీగా ఉంది. పొగ అయినా అలవాటుగా ఆ చోటికే వెళ్తోంది, రోజూ కూర్చునే మనిషి ఏదని వెతుకుతున్నట్టు. నిన్ను నేను చూస్తూనే ఉన్నాను అంటాను పొగతో, లోలోపలే. నానమ్మకు వినిపించిందేమోనని భయమేసి వెనక్కి తిరిగి చూస్తాను. ఆవిడ పెదాలు మాత్రమే కదులుతున్నాయి.

ఈ నిప్పు ఎప్పుడూ ఆరలేదట. నాన్న తాతగారు పాత ఇంటి నుంచి ఈ ఇంటికి మారినప్పుడు మంచాలు, బల్లలు తర్వాత తెచ్చారట, ముందు బకెట్లో కణికలు తెచ్చారట, దారిపొడవునా ఊదుకుంటూ. అప్పటి నుంచి ప్రతి రాత్రీ కణికల మీద నివురు కప్పి, పొయ్యిని కాచే బ్రిజిడ్ తల్లి పేరు చెప్పి పడుకోవడం, పొద్దున్నే నివురు తీసి అదే నిప్పు మళ్ళీ రాజెయ్యడం. పొద్దున తీసేది అమ్మ. మోకాళ్ళ మీద కూర్చుని, మొహం పొయ్యిలో పెట్టినంత పని చేసి, బూడిద ఎత్తి, ఊది, కళ్ళు తుడుచుకుని లేస్తుంది. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచి ఆ పని ఆమెది. చిన్నప్పుడు నేను పక్కనే కూర్చుని ఊదేదాన్ని. బూడిద ఎగిరి నా జుట్టు మీద పడితే "ముసలమ్మవైపోయావే డర్వ్‌లా" అని నవ్వేది. ఆ నవ్వు ఇప్పుడు దగ్గుతో మొదలవుతుంది. దగ్గు గురించి ఎవరికీ పట్టింపు లేదు. ఈ ఊళ్ళో జనవరిలో దగ్గని మనిషి ఉంటే వాళ్ళకేదో రోగం అనుకుంటారు. షుగర్ అనగానే మాత్రం అందరూ ఆమె నోటి వంక చూడటం మొదలుపెట్టారు.

నర్సు కార్మెల్ కూడా చూసింది. మొదటిసారి నేను వెంట వెళ్ళాను కాబట్టి నాకు తెలుసు. కాగితాలు తిరగేసి, అమ్మను పైనుంచి కిందికి చూసి, "బరువు లేవు. రోజూ నడుస్తావు. పుట్టింట్లో ఎవరికీ లేదు. లెక్క కుదరడం లేదే" అంది. లెక్క కుదరడం లేదు అనడంలోనే ఒక అడుగు వెనక్కి వేసింది ఆవిడ. అమ్మకు అర్థమైంది, మెడ ఎర్రబడింది. నా మెడ కూడా ఎర్రబడింది, నాకది ఆమె నుంచి వచ్చిందే. "ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నారా?" అని అడిగింది నర్సు. నాన్న పెద్దగా నవ్వాడు. "మా ఇంట్లో పొగ తాగేది పొగగొట్టం ఒక్కటేనమ్మా." నర్సు కూడా నవ్వి, "లేదు" అని రాసుకుంది. అప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. సమాధానం బల్ల మీద పెట్టాం, ముగ్గురం దాన్ని చూసి నవ్వాం, నర్సు "లేదు" అని రాసుకుంది.

నిజంగా అది సమాధానమేనా? అక్కడే నేను తడబడతాను. నాకు తెలియదు. అనుమానమే. అనుమానం అనేది ఇంట్లోకి ఒకసారి వచ్చిందంటే ఎవరి పక్కన కూర్చోవాలో దానికి తెలియదు, అందరి పక్కనా కూర్చుంటుంది. నానమ్మకు అమ్మ మీద అనుమానం. నాన్నకు అమ్మ మీదా, ఆసుపత్రి మీదా, డబ్లిన్‌లో కూర్చున్న సర్కారు మీదా. నాకు పొయ్యి మీద. ఎనభైకి దగ్గరపడ్డ నానమ్మ రోజూ సాయంత్రం గోడ గడియారం వెనక నుంచి టాఫీ తీసి చప్పరిస్తుంది, అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టు ఉంటారు. ఆవిడకు షుగర్ లేదు. "అరవై ఏళ్ళు కూర్చున్నాను ఈ నిప్పు ముందు, నన్ను చూడండి" అంటుంది ఎవరైనా పొగ మాట ఎత్తితే. ఒంట్లో ఏ లోటూ లేని ముసలావిడ ఒకరు ఎదురుగా కూర్చుంటే పదో తరగతి సైన్సు పుస్తకం ఏం చేస్తుంది?

బడిలో సైన్సు చెప్పే మిస్ టార్పీ డబ్బాలు తెచ్చింది. అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా, ముందు ఒక చిన్న దీపం. గాలి బాగుంటే పచ్చ, కాకపోతే పసుపు, ఇంకా పాడైతే ఎరుపు. తరగతిలో వంతులవారీగా ఒక్కొక్కరు ఒక వారం ఇంటికి తీసుకెళ్ళాలి. నా వంతు క్రిస్మస్ సెలవుల్లో పడింది. పళ్ళేల బీరువా మీద పెట్టాను. నాన్న దాని ముందు నిలబడి, టోపీ తీయకుండా, కొత్త కుక్కను చూసినట్టు చూశాడు.

"ఇది ఏం వింటోంది?"

"వినదు నాన్నా. గాలి చూస్తుంది."

"మా గాలి చూడటానికి వాళ్ళకెందుకంత ముచ్చట? ముందు పెళ్లలు అమ్మకూడదన్నారు. రేపు కాల్చకూడదంటారు. ఎల్లుండి చలేస్తోందని దరఖాస్తు పెట్టుకోమంటారు. డబ్లిన్ చెవి ఇది." అని టీ పాత్రకు కప్పే ఊలు టోపీ తెచ్చి దాని నెత్తిన పెట్టాడు. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. నాన్న ఇంకా ఎక్కువ చేశాడు, టోపీ పక్కకు వంచి, "మంత్రిగారూ, టీ పుచ్చుకుంటారా?" అన్నాడు. నాన్న అలాంటివాడు. నాన్న చెడ్డవాడైతే నాకు ఎంత సులువుగా ఉండేదో.

ఆయన బయటికి వెళ్ళగానే టోపీ తీశాను. ఎరుపు. పొద్దున అమ్మ నివురు తీసేటప్పుడు ఎరుపు. మధ్యాహ్నం కాస్త పసుపు. సాయంత్రం నలుగురం చేరి తలుపులు మూసుకున్నాక మళ్ళీ ఎరుపు, అలాగే రాత్రి పడుకునే దాకా. ఒక రోజు డబ్బాను నానమ్మ కుర్చీ దగ్గర పెట్టాను, కిటికీ పక్కన. పసుపు, ఒక్కోసారి పచ్చ కూడా. మొదట డబ్బా చెడిపోయిందనుకున్నాను. అమ్మ కుర్చీ చేతి మీద పెట్టాను, ఎరుపు. మళ్ళీ కిటికీ దగ్గర, పచ్చ. అప్పుడు కిటికీ చట్రంలో ఉన్న పగులు చూశాను. వేలు పెడితే చల్లగా తగిలింది. నానమ్మ అరవై ఏళ్ళు కూర్చుంది నిప్పు ముందు కాదు, కిటికీ ముందు. సందులో ఎవరు వస్తున్నారో, ఎవరు ఎవరితో పోతున్నారో చూడకపోతే ఆవిడకు తిన్నది అరగదు. ఊరి మీద ఆవిడకున్న అనుమానమే ఆవిడను పొగకు దూరంగా కూర్చోబెట్టింది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే పోయింది. ఎవరితో చెప్పను? "నానమ్మా, మీ చాడీల వల్లే మీరు ఆరోగ్యంగా ఉన్నారు" అని ఎవరు చెబుతారు? అది కూడా నిజం కాకపోవచ్చు. ఒక్క ముసలావిడతో ఏదీ రుజువు కాదు, అటూ కాదు, ఇటూ కాదు.

సెలవుల తర్వాత, ఏ పూట ఏ రంగో మేం రాసుకొచ్చిన కాగితాలన్నీ మిస్ టార్పీ గోడకు అంటించింది, పేర్లు లేకుండా. మాది చూసి వెనక బెంచీ నుంచి ఒకడు "ఇది ఇల్లా, పొగగొట్టం లోపలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాది కానట్టు. చెవులు మండాయి. మిస్ మాట్లాడుతూ పోయింది. వెంట్రుక కంటే ఎంతో సన్నటి మసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందట, అక్కడి నుంచి కొంత రక్తంలోకి. ఒంటికి ఎక్కడా గాయం లేకపోయినా గాయమైనట్టే లోపల మంట రేగుతుందట, రోజూ, కొద్ది కొద్దిగా. అలాంటి ఒంట్లో ఇన్సులిన్ ఎంత తలుపు తట్టినా కణాలు తలుపు తీయవట. ఆ మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. గంట కొట్టాక అందరూ వెళ్ళేదాకా సంచీ సర్దుతూ ఉండిపోయాను. ఆ బడిలో నేను ఒక టీచరు దగ్గరికి నా అంతట నేను వెళ్ళింది అదొక్కసారే.

"షుగర్ కూడానా మిస్?"

"గాలి పాడైన చోట్ల షుగర్ ఎక్కువ కనిపించిందని చాలామంది చూశారు. కారణాల్లో అదొకటి కావచ్చు. కానీ ఒక్క మనిషిని చూపించి, ఈమెకు దీనివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. నేనసలే చెప్పలేను. ఎందుకు డర్వ్‌లా, ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"లేదు మిస్."

కావచ్చు. ఆ మాట పట్టుకుని బస్సులో ఇంటికి వచ్చాను. బస్సు అద్దంలోంచి చూస్తే ఊబినేల మీద పొగలన్నీ పైకి లేవలేక అడుగున పరుచుకుని ఉన్నాయి, ఇళ్ళు వాటిలో మోకాళ్ళ దాకా మునిగి ఉన్నాయి. అందంగా ఉంది. పట్నం నుంచి వచ్చేవాళ్ళు కారు ఆపి ఫొటో తీసుకునేది అదే. వాసన కూడా బాగుంటుంది, నాకు ఇష్టం, నా గౌను, నా జుట్టు, నా పుస్తకాలు అన్నీ ఆ వాసనే. ఇంకో ఊరికి పోయి ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఏడుపొస్తుంది. ఇష్టమైనదాన్ని అనుమానించడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. మిస్ చేతిలో ఉన్నది ఒక "కావచ్చు". నానమ్మ చేతిలో ఉన్నది "తింటోంది". ఏది గెలుస్తుంది? ఇంట్లో ఎప్పుడూ గట్టిగా అన్నదే గెలుస్తుంది.

"వచ్చారా?" అంటుంది నానమ్మ.

"లేదు నానమ్మా."

"నిప్పు పడిపోతోంది. మీ అమ్మ చలికి వణుక్కుంటూ వస్తుంది. ఆ మూల వెచ్చగా ఉంచు."

ఆ మూల. అక్కడికే వస్తుంది నా ఆలోచన ఎటు పోయినా. మా ఇళ్ళల్లో పొయ్యి పక్క లోపలి మూల అతిథిది, అతిథి లేకపోతే జబ్బు మనిషిది. నాకు తట్టు వచ్చినప్పుడు అక్కడే పడుకోబెట్టారు. తాతయ్య ఆఖరి చలికాలం అక్కడే కూర్చున్నాడు. అమ్మకు షుగర్ అని తెలిసిన రోజు నాన్న ఎవరికీ చెప్పకుండా బల్ల జరిపి, తన వెడల్పాటి కుర్చీ తెచ్చి ఆ మూలన వేసి, మీద గొర్రె ఉన్ని పరిచి, "ఇకనుంచి ఇది నీది, కదలకు" అన్నాడు. ఆ రాత్రి అమ్మ కళ్ళు నీళ్ళతో మెరిశాయి, పొగ వల్ల కాదు. వారం తిరగకుండా ఆయనే గోడలో ఉన్న గాలి కన్నంలో గోనెసంచి కుక్కాడు, ఆమె వీపుకు చలిగాలి తగులుతోందని. గాలి కన్నం మూస్తే పొగగొట్టం లాగదు, పొగ గదిలోకే తిరుగుతుంది. అది నాకు డబ్బా వచ్చాకే తెలిసింది. చలికాలం ముదిరింది, అంకె పెరిగింది. అంకె పెరిగిన కొద్దీ నాన్న కుర్చీని ఇంకాస్త ముందుకు జరిపాడు. ఇంకో పెళ్ల వేశాడు. ప్రేమ కలిగిన ప్రతిసారీ ఒక పెళ్ల. కోపం వచ్చినప్పుడు మాత్రం ఆమె గిన్నెలో బంగాళదుంప ఒకటి తగ్గించాడు. మాలకీ ఒక సాయంత్రం వచ్చి, టోపీ మోకాలి మీద పెట్టుకుని, "ఏం ఫింటన్, పెళ్ళాన్ని నిలవ పెట్టే పంది మాంసంలా పొగబెడుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈ ఇంట్లో నిజాలన్నీ నవ్వులోంచే వస్తాయి, నవ్వులోనే పోతాయి.

అక్టోబరులో ఒక శనివారం నానమ్మ నన్ను కోళ్ళ గూటి దగ్గరికి పిలిచింది. ఇంట్లో చెప్పలేని మాటలు అక్కడ చెబుతుంది, కోళ్ళ గోలలో ఎవరికీ వినపడవని. "నువ్వు మాట్లాడవు కానీ నీ కళ్ళకు పదును ఎక్కువ. మీ అమ్మను చూస్తూ ఉండు. ఎప్పుడు నోరు కదిపినా నాకు చెప్పు. తిట్టడానికి కాదు, దాని మంచికే." నేను తల ఊపాను. మాట పెగలని పిల్లకు తల ఊపడం సులువు. అప్పటి నుంచి చూస్తున్నాను. బడి నుంచి వచ్చింది మొదలు నిద్రపోయేదాకా, సెలవుల్లో రోజంతా. అమ్మ రొట్టె కోస్తుంది, ముక్క నోట్లో వేసుకోదు. టీలో పంచదార లేదు. ఆపిల్ తొక్క తీస్తుంది, చేతులు ఎప్రాన్‌కు తుడుచుకుంటుంది, వేళ్ళు నాకదు. క్రిస్మస్ కేకు తనే చేసింది, రుచి చూడకుండా చేసింది, ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు. చూసే కొద్దీ నాకు ఆమె మీద కాదు, నానమ్మ మాట మీద అనుమానం వచ్చింది. కానీ మధ్యలో ఒకరోజు కొట్టుగదిలో చప్పుడైంది. పిండి, జాము సీసాలు ఉండే గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అయ్యో, అమ్మ దొరికిపోయింది అనుకున్నాను, నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసింది, ఇక చూడక్కర్లేదని. సందులోంచి చూశాను. అమ్మ జాము సీసాల వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. గోడలో జల్లెడ గుడ్డ బిగించిన చిన్న కిటికీ ఉంటుంది, పాలు చల్లగా ఉండటానికి. ఆ కిటికీకి మొహం ఆనించి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి గాలి తింటోంది. అన్నానికి మొహం వాచిన మనిషి తిన్నట్టు, గబగబా, ఆపకుండా. తర్వాత పెదాలు తుడుచుకుని బయటికి వచ్చింది. నేను అప్పటికి మెట్ల మీద ఉన్నాను. నానమ్మ కిటికీ దగ్గర నుంచే ఆ పెదాలు తుడుచుకోవడం చూసింది. ఆవిడకు అది చాలు. నాకూ అది చాలి ఉండాల్సింది, కానీ నేనేం చూశానో నాకే అప్పుడు తెలియలేదు.

ఇదే కారు. ఈసారి కారే. గేటు దగ్గర వేగం తగ్గించడం నాన్న పద్ధతి, రెండో గేరు మూలుగుతుంది. నానమ్మ కిటికీలోకి వంగింది. "ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు" అంది. అంటే బాగాలేదని అర్థం. పొయ్యిలో పెళ్ల సరిగ్గా ఇప్పుడే మంట అందుకుంది. తలుపు తెరుచుకుంది, వాళ్ళతో పాటు చల్లగాలి వచ్చింది, పొగ ఒక్కసారి అటు వంగి నమస్కారం పెట్టినట్టు పెట్టి లేచింది.

అమ్మ ఎవరి వంకా చూడలేదు. కోటు విప్పి, నేరుగా వెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చుంది, ఎద్దు తన రాటకు తానే వెళ్ళినట్టు.

"పెరిగింది" అన్నాడు నాన్న. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. "ఇక సూదులే అంటోంది ఆ నర్సు."

"అడిగావా మరి?" అంది నానమ్మ.

"అడగాల్సిన పని రాలేదమ్మా. తనే చెప్పింది."

అమ్మ నిప్పును చూస్తూ అంది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. "చెప్పేశాను అత్తయ్యా. దాచుకుని తింటున్నానని. కేకులు, జాము. ఇక తిననని కూడా చెప్పాను."

నానమ్మ జపమాల ఒళ్ళో పడేసింది. గెలిచినందుకు ఆవిడ మొహం ఎందుకో వెలగలేదు, ఇంకా ముసలిదైంది. "ఒప్పుకుంటే సగం రోగం పోయినట్టేలేవే. ఎవరు తిడతారిప్పుడు?"

నాన్న అమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మెత్తగా ఉంది. అదే నేను తట్టుకోలేకపోయాను. తిట్టి ఉంటే నోరు మూసుకునేదాన్నేమో. చెయ్యని తప్పును క్షమించేస్తున్నాడు, ఆమె ఆ క్షమను తీసుకుంటోంది, తల వంచి, కృతజ్ఞతతో. ఇంకొక్క క్షణం ఆగితే అది నిజమైపోతుంది. రేపు మాలకీకి తెలుస్తుంది, ఆదివారం చర్చి మెట్ల మీద అందరికీ తెలుస్తుంది, ఇమెల్డా ఒప్పుకుందట అని. నా మెడ వేడెక్కింది. ఎప్పటిలాగే మాట గొంతులోకి వచ్చి, ఎప్పటిలాగే వెనక్కి తిరగబోయింది.

"తినలేదు" అన్నాను.

నా గొంతు ఇంత బొంగురుగా ఉంటుందని నాకు తెలియదు. ముగ్గురూ నా వంక చూశారు.

"ఎవరు?" అన్నాడు నాన్న.

"అమ్మ. అమ్మ ఏమీ తినలేదు. అబద్ధం చెప్పింది నర్సుకు."

"నీకేం తెలుసే, తనే తిన్నానంటుంటే?"

"నేను చూస్తున్నాను కాబట్టి తెలుసు. అక్టోబరు నుంచి చూస్తున్నాను. నానమ్మ చూడమంది. పొద్దున చూశాను, రాత్రి చూశాను, కొట్టుగది తలుపు సందులోంచి కూడా చూశాను. అక్కడ కిటికీ దగ్గర గాలి పీల్చుకుంటోంది, అంతే. ఇంకేమీ లేదు. నోట్లో ఏమీ లేదు." ఇన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ అనలేదు. ఆగితే మళ్ళీ రావని భయంతో అన్నాను. చివరి మాటకు గాని తెలియలేదు, అమ్మ ముందే ఆమె మీద కాపలా కాశానని చెప్పేశానని. ఆమె వంక చూడలేక పళ్ళేల బీరువా వంక చూశాను.

నానమ్మ ఒళ్ళోని జపమాల మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"తెలుసు" అంది అమ్మ.

నిప్పు చిటచిటలాడింది. అమ్మ నా వంక తిరిగింది, పొగకు కళ్ళు చికిలిస్తూ. ఆ కళ్ళల్లో కోపం కోసం వెతికాను.

"నువ్వు చూస్తున్నావని తెలుసు డర్వీ. మొదటి రోజు నుంచే తెలుసు. నీకు దొంగచూపులు రావు. అందుకే నేను ఎక్కడికీ వెళ్ళకుండా ఇక్కడే కూర్చునేదాన్ని. నీకు కనిపించే చోట. చావిట్లోకి పోతే అక్కడ తింటున్నాను అనుకుంటారు, తోటలోకి పోతే అక్కడ అనుకుంటారు. ఇక్కడైతే అందరూ చూస్తూనే ఉంటారు కదా అని. ఎంత ఉక్కిరిబిక్కిరి అయినా కదిలేదాన్ని కాదు. భరించలేనప్పుడు ఆ కొట్టుగదిలోకి ఒక్క నిమిషం."

చలికాలమంతా. నేను చూస్తున్నానని. నేను బల్ల దగ్గర పుస్తకం అడ్డం పెట్టుకుని చూస్తున్న ప్రతి సాయంత్రం, ఆమె తినలేదని నాకు చూపించడానికి డబ్బా ఎర్రగా వెలిగిన ఆ మూలనే కూర్చుని పొగ పీల్చింది. నా కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి కుర్చీ వీపు పట్టుకున్నాను.

"లే అమ్మా."

"ఎందుకే?"

"కిటికీ దగ్గరికి."

"జబ్బు మనిషిని పొయ్యి దగ్గర నుంచి లేపుతావా?" అంది నానమ్మ, నిజంగానే హడలిపోయి. "శత్రువును కూడా ఎవరూ లేపరే!"

అమ్మ లేచింది. కుర్చీ బరువుగా ఉంది, ఉన్నితో కలిపి ఇంకా బరువు. ఒక కాలు రాతి గచ్చులో ఇరుక్కుని కీచుమంది. లాగాను. చెప్పాల్సిందంతా మిగిలే ఉంది, డబ్బా సంగతి, మసి సంగతి, మిస్ చెప్పిన కావచ్చు సంగతి, ఏదీ రుజువు కాదన్న సంగతి. ఊపిరి మాత్రం చాలలేదు. "ఆ పొగ నాన్నా" అన్నాను. "ఆ పొగ కూడా కారణం కావచ్చు."

"ఏమిటీ, ఆ డబ్బా చెప్పిందా?" అన్నాడు నాన్న. పళ్ళేల బీరువా మీద సెలవుల్లో డబ్బా పెట్టిన ఖాళీ చోటు చూశాడు, పొయ్యి చూశాడు, నన్ను చూశాడు. ఆయన కళ్ళల్లో నమ్మకం ఏమీ లేదు. మాలకీ అమ్మే ఆవును చూసినట్టే చూశాడు మా అందరినీ. "కావచ్చు అంటే కాకపోవచ్చు కూడా."

"అవును నాన్నా."

"ఈ నిప్పు ఆర్పను."

"ఆర్పమనలేదు."

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి, మోకాలి మీద కూర్చుని, కన్నంలో చెయ్యి పెట్టి గోనెసంచి పట్టి లాగాడు. చలికాలమంతా కుక్కి ఉంచిన సంచి ఒక పట్టాన రాలేదు. వచ్చినప్పుడు గది వైపు భాగం నల్లగా ఉంది, బయటి వైపు గోనె రంగులోనే ఉంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు, ఎవరో మోసం చేసి అలా రంగు వేశారేమోనన్నట్టు గోటితో గీకి చూశాడు. గోరు నల్లబడింది.

"తర్వాతి పరీక్ష దాకా చూద్దాం" అన్నాడు, ఎవరితోనో. "అప్పటిదాకా ఆమె ఏం తిందని ఈ ఇంట్లో ఎవరూ అడగొద్దు."

అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో నానమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరి మోచేతులూ తగులుకుంటున్నాయి, అంత ఇరుకు. నానమ్మ కాసేపు బిగుసుకుని ఉండి, తన శాలువా సగం తీసి అమ్మ మోకాళ్ళ మీద పడేసింది. "చలికి చస్తావు చూడు" అంది.